నాలుగోసారి దింపడం

మా పక్కింటి తిరుమలరావు గరివిడి ఫెర్రో ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆ వేడికి కాలి కాలి కనుబొమలు మళ్లీ మొలవడం మానేశాయి. మాట తక్కువ. పెళ్లాం గున్నమ్మ ఉన్నన్నాళ్లూ అతని వంతు కూడా ఆవిడే మాట్లాడేది కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. పిల్లలు లేరు. హుద్‌హుద్ తుఫానుకి ముందు వేసవిలో గున్నమ్మ పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి గిన్నె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. నా ఇంట్లోనూ అంతేననుకోండి, కానీ ఇక్కడ నా సంగతి ఎవరూ అడగలేదు.

మరుసటేడు అతను కంప్యూటరు తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ ఆఫీసులో పాతవి తీసేస్తుంటే అందులో ఒకటి. వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకో తెలిశాక మానేశాను.

చాలా ఏళ్ల క్రితం ఊడుపుల కాలంలో పట్నం నుంచి ఎవరో వచ్చి, మా మళ్లలో ఆడవాళ్ల చేత పాటలు పాడించి వీడియో తీసుకుపోయారు. అందులో గున్నమ్మ ఉంది. ఆ వీడియో నెట్‌లో ఉందని స్టేషన్ రోడ్డులో జిరాక్సు షాపు నడిపే రేఖ కనిపెట్టింది. మూడు గంటల పొడుగు. నెలాఖరుకి తీసేస్తామని కింద రాసి ఉందట. తిరుమలరావు దగ్గర గున్నమ్మ ఫోటోలున్నాయి. గొంతు లేదు. నెట్‌లోనే చూద్దామంటే బొమ్మ కాసేపు కదిలి నిలబడిపోయేది. అందుకే మొత్తం కంప్యూటర్లోకి దింపుకోమంది రేఖ. డౌన్‌లోడు అనడం అతనికి నోరు తిరక్క, ఆ పిల్ల దాన్ని దింపడం అని చెప్పింది. ఆ మాటే కొంప ముంచింది.

దింపడం మొదలవగానే కంప్యూటరు గసపోసేది. బాణం గుర్తు తెర మధ్యలో అతుక్కుపోయేది. ఏ బటన్ నొక్కినా పలికేది కాదు. చివరికి కట్టేసి మళ్లీ పెట్టడమే. దుమ్ము అనుకుని పెట్టె విప్పి తుడిచాడు. వేడి అనుకుని బల్లఫ్యాను దాని వైపు తిప్పి, తను చెమటలో కూర్చున్నాడు. మూడోసారి కూడా బిగిసిపోయింది. ఆ రోజు చారు ఇద్దామని వెళ్తే, కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏటి, ముసుగేసీసావు?" అన్నాను.

"అయిపోనాది వొదినా."

"ఏటయిపోనాది? నెలాఖరు ఇంకా రాలేదు కదా!"

"మూడుసార్లు దింపినాను. పలకలేదు."

మాలో మనిషి పోతే శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో ఒకచోట పాడె దింపుతారు. దింపుడు కళ్లం అంటారు దాన్ని. ఒకవేళ ప్రాణం ఉందేమోనని, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలక్కపోతే పాడె ఎత్తేస్తారు. నాలుగోసారి పిలవరు. గున్నమ్మ చెవిలో పిలిచినవాడు ఇతనే. ఇప్పుడు ఈ యంత్రం దగ్గరా అదే లెక్క పెట్టుకుని కూర్చున్నాడు.

చారు అక్కడ పెట్టి, నేరుగా స్టేషన్ రోడ్డుకి వెళ్లి రేఖని లాక్కొచ్చాను. షాపులో మనుషులున్నారంది. ఉంటే ఉంటారన్నాను.

రేఖ తువ్వాలు తీసి, కంప్యూటరు పెట్టి, అటూ ఇటూ చూసింది.

"మావా, ఇది దింపుతుంటే నువ్వేటి సేస్తన్నావు?"

"సూస్తన్నాను."

"ఊరికే సూస్తే బిగీదు. ఏటి నొక్కుతన్నావు?"

అతను నేల చూపులు చూశాడు. "వచ్చిందేమోనని తెరిసి సూస్తన్నాను."

"ఎన్నిసార్లు?"

"వచ్చిందేమోనని…" అన్నాడు మళ్లీ.

సంగతేమిటంటే, సగం దిగిన వీడియోని అతను తెరిచేవాడు. గున్నమ్మ కనపడకపోతే దాన్ని మూయకుండానే ఇంకోసారి తెరిచేవాడు. అన్నం ఉడుకుతుంటే క్షణానికోసారి మూత తీసే కొత్త కోడల్లాగ. పాత యంత్రం, ఒక చేత్తో దింపుకుంటూ ఇంకో చేత్తో ఇన్ని బొమ్మలు ఎలా ఆడిస్తుంది? పైగా మూడుసార్లూ ఆగిపోయిన సగం ముక్కలు లోపలే ఉండిపోయి చోటంతా తినేశాయి.

"ఈ ముక్కలు తుడిసీమంటావా మావా?"

"వొద్దు!" అని కొలిమి దగ్గర అరిచినట్టు అరిచాడు. "అందులో ఎక్కడో ఉండుంటాది."

"మూడూ ఒకటే మొదలు మావా. ఒకటే మనుషులు. అత్తమ్మ ఇందులో నేదు, ఎనకాల భాగంలో ఉన్నాది. వీటిని తీసీకపోతే ఆవిడికి చోటెక్కడ?"

అతను తల ఊపి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. రేఖ తుడిచేసింది.

"ఇప్పుడు నొక్కు మావా."

చెయ్యి రాలేదు. "మూడుసార్లు అయిపోనాది కదమ్మా."

నాకు ఒళ్లు మండింది. "ఒరే తిరుమలా, మనిషిని దింపినాం, ఎత్తినాం, అది అయిపోనాది. గొంతుకి దింపుడు కళ్లం ఎవుడు పెట్టినాడురా? జరుగు, నాను నొక్కుతాను. నాది ఇదే మొదటిసారి."

రేఖ చూపించిన చోట నొక్కాను. నాకు రెండో క్లాసే, అయినా నొక్కడానికి చదువెందుకు?

అతన్ని ఆ గదిలో ఉండనివ్వలేదు. మా అరుగు మీద కూర్చోబెట్టి చింతపండు ముందు పోసి పిక్కలు తీయమన్నాను. మధ్యలో లేవబోతే చీపురు చూపించాను. పొద్దు వాలుతుండగా రేఖ మళ్లీ వచ్చి చూసి, మొత్తం దిగిందని చెప్పి వెళ్లిపోయింది.

ఇద్దరం కూర్చున్నాం. పాటలు వస్తున్నాయి, పోతున్నాయి. ముందు వరసలో గున్నమ్మ వంగి నాట్లు వేస్తూ పాడుతోంది. కానీ అంతమంది గొంతుల్లో ఆమెది ఏదో నాకు చిక్కలేదు, అతనికీ చిక్కలేదు. పాట అయ్యాక వీడియో తీసేవాడు ఒక్కొక్కరినీ పేరడిగాడు.

"గున్నమ్మ," అంది.

"మీ ఆయన పేరేమిటమ్మా?"

గున్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కవాళ్లు సెప్పవే సెప్పవే అని పొడుస్తున్నారు. "ఓలమ్మో, నానెలాగ సెప్తాను బాబూ," అని నవ్వు. మళ్లీ అడిగాడు. మళ్లీ నవ్వు. అంతటితో పక్క మనిషి వైపు తిరిగిపోయాడు.

"సెప్పలేదు," అన్నాడు తిరుమలరావు.

"మొగుడి పేరు సెప్తాదేట్రా?"

"నానక్కడ లేను కదా వొదినా. సెప్పీవొచ్చు."

బాణాన్ని వెనక్కి జరిపి, ఆ పట్నం వాడి చేత మళ్లీ అడిగించాడు. గున్నమ్మ మళ్లీ నవ్వింది. యంత్రం ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి అడిగించాడు. పక్కన నేనున్న సంగతి కూడా అతనికి గుర్తు లేదు. చెప్పకుండానే లేచి వచ్చేశాను.