కారు కిందికి దిగింది, రోడ్డు కూడా దిగాలట!

తప్పు మీదే. మన యువనేత పెట్టిన ఆ ఎర్ర కారు వీడియో కింద "సూపర్ అన్నా" అని రాసి లైకులు కొట్టింది మీరే.

ఈ ఉదయం ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వస్తుంటే, దారిలో ఒక ఊరి బడి ముందు మా బస్సు ఆగిపోయింది. ఎదురుగా అదే కారు. పాత స్పోర్ట్స్ కారు కొన్న మన యువనేత గారు అందం కోసమని సస్పెన్షన్ దింపించి, దాన్ని నేలకు నాలుగు వేళ్ల ఎత్తుకు తెచ్చారు. ఇంకేముంది, అది స్పీడ్ బ్రేకర్ దాటలేకపోయింది. దాంతో ఆయన అనుచరుల చేత గడ్డపారలతో స్పీడ్ బ్రేకర్‌నే పగలగొట్టించడం మొదలుపెట్టారు. నిరుడు అక్కడే ఒక పాప కాలు విరిగితే, ఊరంతా రోడ్డు మీద కూర్చుని సాధించుకున్న స్పీడ్ బ్రేకర్ అది.

సగం పగిలేసరికి బడిలో వంట చేసే అవ్వ గరిటెతోనే పరుగెత్తుకొచ్చి, మిగిలిన సగం మీద కూర్చుంది.

"అవ్వా, జర లే. కారుకు కింద తాకుతున్నది," అన్నారు యువనేత.

"కిందికి దించిందెవరు బిడ్డా?"

"నేనే."

"మరి నువ్వే మీదికి లేపుకో. మా పోరగాండ్ల కాళ్లు ఇరగ్గొడ్తవా ఏంది?"

కారు వెనక్కి మళ్లింది. బస్సులో అందరం నవ్వాం. దిగి ఆమె పక్కన మాత్రం ఎవరమూ నిలబడలేదు, నేను కూడా. దీన్నేమంటారో మీరే చెప్పండి.

నా డిమాండ్లు ఇవీ:

పగలగొట్టిన సగాన్ని యువనేత రేపే కట్టించాలి.

కారును మునుపటి ఎత్తుకు లేపించాలి.

సిమెంటు ఆరేదాకా, లైకులు కొట్టిన మీరు వచ్చి పిల్లలను రోడ్డు దాటించాలి.