బొట్టు పెట్టించి అమ్మిన ల్యాప్‌టాప్

రాజమండ్రిలో ఒక కంప్యూటర్ల షాపులో ల్యాప్‌టాప్ ఎత్తి అద్దాల కౌంటర్ మీద వేసి కొట్టిన ఆడమనిషిని నేనే. ఎవరో ఫోన్లో తీసిన ఆ వీడియో మా కడియంలో చూడనివాళ్ళు లేరు. అందులో నా అరుపులు వినిపిస్తాయి. ఎందుకు అరిచానో వినిపించదు, అందుకే చెబుతున్నాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకో ఉద్యోగం దొరికేలా ఉంది. ఇంట్లో కూర్చునే ఒక కంపెనీ లెక్కలు చూడాలి. సోమవారం ఆన్‌లైన్లో పరీక్ష, సొంత కంప్యూటర్ ఉండి తీరాలి. బీకాం చదివి నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతున్న నాకు ఆ పరీక్షంటే ప్రాణంతో సమానం.

శనివారం మా ఆయనా నేనూ షాపుకెళ్ళాం. సేల్స్‌మన్ నన్ను అక్కా అన్నాడు, మా ఆయన్ని బావగారూ అన్నాడు. నాటు మొక్కని అంటు మొక్క అని చెప్పి ఎవడైనా అంటగట్టబోతే కాండం చూసి పట్టేసే మా ఆయన, ఆ ఒక్క పిలుపుకి వెన్నలా కరిగిపోయాడు.

"ఫ్రెష్ పీసండి బావగారూ, సీలు కూడా తియ్యలేదు. అక్క చేత్తోనే బొట్టు పెట్టించి కోయిద్దాం. లక్ష్మీదేవి ఇంటికొస్తున్నట్టే కదండీ!"

దేవుడి పటం ముందు పెట్టె పెట్టి, వాడే తడి పసుపు తీసి ఒక మూల దట్టంగా పులిమాడు. దాని మీద నేను కుంకుమ పెట్టాను. కర్పూరం వెలిగిస్తే కళ్ళు మూసుకుని, పరీక్ష గట్టెక్కించు స్వామీ అని దండం పెట్టుకున్నాను. కత్తెర నా చేతికిచ్చి సీలు కోయించాడు. ల్యాప్‌టాప్ మూత మీద కూడా ఒక బొట్టు పెట్టించాడు.

సోమవారం పరీక్ష సగంలో తెర నల్లబడింది. ఏ మీట నొక్కినా వెలగలేదు. కంపెనీ ఆవిడకి ఫోన్ చేసి ఏడ్చాను.

"సిస్టమ్ సరిగ్గా చూసుకోవాల్సింది మీరేనండి. రెండో ఛాన్సు ఉండదు" అని పెట్టేసింది.

కంప్లెయింట్ ఇవ్వడానికి నంబరు కోసం పెట్టె మీద ఎండిన పసుపు గోటితో గీకాను. కింద చిన్న స్టిక్కరు బయటపడింది. వాడేసిన సరుకు, రిపేరు చేసి అమ్ముతున్నది అని ఇంగ్లీషులో రాసి ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని, నా చేత దండం పెట్టించి మరీ మోసం చేశాడు వెధవ!

మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం షాపుకెళ్తే వాడు నవ్వుతున్నాడు.

"సీలు కోసింది మీరే కదక్కా. బొట్టు పెట్టిందీ మీరే. తడి లోపలికి దిగిపోయుంటుంది. మేమేం చెయ్యలేం."

పటం ముందు అప్పటికే ఇంకో పెట్టె ఉంది. ఒక పెద్దావిడ వేలికి కుంకుమ అద్దుకుని నిలబడింది. నేను వెళ్ళి ఆ పెట్టె మీది పసుపు నా చీర చెంగుతో తుడిచేశాను. అదే స్టిక్కరు.

"చదవండమ్మా, ఏం రాసుందో చదవండి!" అని అరిచాను.

వాడు పెట్టె లాక్కుంటూ నన్ను తోసేశాడు. నా నడుం వెళ్ళి కౌంటర్‌కి కొట్టుకుంది. నేనిక ఆగలేదు. నా ల్యాప్‌టాప్ రెండు చేతులా ఎత్తి అద్దం మీద వేసి కొట్టాను. అద్దం భళ్ళున పగిలింది. వాడి కాలరు పట్టుకుని ఈ చెంపా ఆ చెంపా వాయించాను. పెదవి చిట్లి రక్తం కారింది. నాకు జాలి వెయ్యలేదు, ఇప్పటికీ వెయ్యదు.

అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడ్డ మా ఆయన అప్పుడు లోపలికొచ్చాడు. నా మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. ఎముక కలుక్కుమంది.

"సిగ్గులేదూ? నలుగురూ చూస్తున్నారు. నడు బయటికి!"

గొడవ పోలీసులదాకా పోతుందని భయపడి ఓనరు పైనుంచి దిగొచ్చాడు. నిజంగా కొత్తదే ఒకటి తెప్పించి ఇచ్చాడు. మా ఆయన "చాలా థాంక్సండి" అంటూ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. బండి మీద ఇంటికొచ్చేదాకా పోయిన పరువు గురించే మాట్లాడాడు. పోయిన ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

ఇంటికొచ్చేసరికి మణికట్టు వాచిపోయింది. మా అత్తగారు ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతూ ఆ సేల్స్‌మన్‌ని శాపనార్థాలు పెట్టింది.

"ఆడకూతురి మీద చెయ్యి చేసుకుంటాడా? వాడి చేతులు విరిగిపోను!"

ఎదురుగా మా ఆయన కొత్త పెట్టె విప్పుతున్నాడు.

"వాడు కాదత్తయ్యా" అన్నాను. "మీ అబ్బాయే."