లోకల్ సీటు

నాకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాను. తప్పని తేలిన రోజున కూడా ఒప్పుకోలేదు.

భిలాయ్ ఉక్కు ప్లాంటులో నా కింద పనిచేసే అప్పలరాజు, కూతురు స్వాతిని ఏ ఇంజినీరింగ్ కాలేజీలో చేర్చాలని నన్ను అడిగాడు. "మనం ఆంధ్రా వాళ్ళం. విశాఖలో లోకల్ సీటే వస్తుంది. ఇక్కడి కౌన్సెలింగ్ దేనికి?" అన్నాను. వాళ్ళు ఇక్కడ పేరు ఇవ్వలేదు. తీరా విశాఖ వెళితే, భిలాయ్‌లో పుట్టి ఇక్కడే చదివిన పిల్ల లోకల్ కాదని తిప్పి పంపారు.

పక్కనున్న దుర్గ్‌లో రైలు దిగి తండ్రీకూతుళ్ళు సంచులతో సహా స్మృతి నగర్‌లోని మా ఇంటికే వచ్చారు.

"ఏటి సార్, మా పిల్ల బతుకు మీకు ఆటలాగున్నాదా?" అని అప్పలరాజు గుమ్మంలోనే అరిచాడు.

"నువ్వు కనుక్కోవద్దా? నీకు బుర్ర లేదా?" అని నేనూ అరిచాను.

"మీకున్నాదనే కదా మీ దగ్గిరికొచ్చినాం!"

స్వాతి మాత్రం గొంతు పెంచలేదు. "అంకుల్, ఆప్‌నే కిసీసే పూఛా థా?" అంది. ఎవరినైనా అడిగి చెప్పారా అని. ఎవరినీ అడగలేదు. తలుపు వేసేశాను.

మర్నాడు సెలవు పెట్టి ఇక్కడి కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళాను. చివరి విడతకు పేరు ఇవ్వవచ్చన్నారు. క్యాంప్ 2 బస్తీలో వాళ్ళింటికి వెళ్ళి, ఇరుగుపొరుగు వింటుండగా తప్పు నాదేనన్నాను, చివరి విడత సంగతీ చెప్పాను. అప్పలరాజు కూర్చోమనలేదు.

"ఈ మాటైనా అడిగొచ్చినారా?"

"అడిగాను. నన్ను నమ్మొద్దు, నాతో వచ్చి నువ్వే విను."

ముగ్గురం వెళ్ళాం. స్వాతికి కోరిన బ్రాంచి రాలేదు గాని, సీటు వచ్చి ఏడాది దక్కింది. అప్పలరాజు ఇప్పటికీ నన్ను పలకరించడు. ఎవరైనా కాలేజీల గురించి అడిగితే తెలియదనే చెబుతున్నాను. సంగతి తెలిసే చోటికి వాళ్ళ వెంట వెళుతున్నాను.