ఎనిమిది చీరల పడుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పప్పులో ఉప్పు ఏనాడూ సరిగ్గా పడలేదు. మా అవ్వకూ మా అమ్మకూ మాటల్లేవు. ఒకరు వేసి ఉంటారని ఇద్దరూ మానేసిన రోజులున్నాయి, ఒకరు వేసి ఉండరని ఇద్దరూ వేసిన రోజులూ ఉన్నాయి. మాట్లాడుకుంటే తేలిపోయే విషయమే. కానీ మా ఇంట్లో మాట్లాడుకోవడం అనేది అన్ని దారులూ మూసుకుపోయాక పట్టే దారి.

ఆ ఇంట్లో సమంగా ఉండేది ఒక్కటే, మా చిన్నాయన నేసే చీర. అవి నిజాం సర్కారు రోజులు. మా నారాయణపేటలో ఒక్క చీర కోసం ఎవరూ మగ్గం సిద్ధం చేసేవారు కాదు. ఎనిమిది చీరలకు సరిపడే పడుగును, అంటే నిలువు పోగులను, ఒకేసారి ఎక్కించేవారు. నేసిన బట్ట నేసినట్టే చుట్టుకుంటూ పోయేది. ఎనిమిదీ అయ్యాకే దింపి కోసేవారు. నడుమ కత్తి పెట్టడం కీడని మా వీధి నమ్మకం. మా వీధికి నమ్మకాలు చాలా ఉండేవి, నిద్రపోయే మనిషిని నిద్రపోనివ్వాలన్న నమ్మకం తప్ప.

మా చిన్నాయనకు రెండు కాలాలుండేవి. ఒక కాలంలో ఆయన కోడి కూయకముందే మగ్గం గుంటలో దిగేవాడు. చేతులు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. వంద మగ్గాలు పెడతానని, హైదరాబాదు కొలువులో అందరికీ మన చీరలే కట్టిస్తానని దారిన పోయేవాళ్ళను ఆపి చెప్పేవాడు. కొలువులో అందరూ చీర కట్టరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చీరలు దిగుతున్నాయి కాబట్టి ఆ కాలాన్ని మా ఇంట్లో ‘హుషారు’ అనేవారు. రెండో కాలంలో ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం ముట్టడు, పలకరిస్తే ‘నాతోని అయితలేదు’ అంటాడు. ఈ కాలాన్ని మొదట సోమరితనం అన్నారు, తరువాత దయ్యం అన్నారు.

దయ్యం అని తేలాక ఒక భూతవైద్యుడు వచ్చాడు. చింతబరికెతో చిన్నాయన వీపు మీద తన విద్యనంతా చూపించాడు. రెండు నెలలకు చిన్నాయన లేచి మళ్ళీ మగ్గం గుంటలో దిగాడు. వైద్యం ఫలించిందని భూతవైద్యుడికి మేకపోతును ఇచ్చారు. ఎండాకాలం పోయి వానలు పడ్డందుకు కూడా ఆయనకు ఇంకో మేకపోతును ఇచ్చి ఉండవలసింది.

నేను చెప్పబోయే రోజుకు చిన్నాయన మంచం పట్టి ఇరవై రోజులైంది. ఏడో చీర మగ్గం మీద సగంలో ఆగి ఉంది. పొద్దున్నే భూతవైద్యుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి సంచిలో గొలుసు కూడా ఉంది.

"పోయినసారి దెబ్బ తక్కువ పడ్డది పెద్దయ్యా," అన్నాడు మా తాతతో. "గందుకే మళ్ల వచ్చింది. గీసారి నలభై దినాలు నా కాడ గొలుసుల ఉండాలె. జర వాతలు గూడ పెట్టాలె."

"తీస్కపో," అన్నాడు తాత, తమలపాకుకు సున్నం రాస్తూ. సొంత కొడుకు గురించి. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ సున్నం దగ్గరే. ఆకు అంచుదాకా సమంగా రాశాడు.

చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, తలుపు వెనక నిలబడి వింటోంది. మా ఇళ్ళలో కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా పిల్లలకు చెప్పాలి, పిల్లలు మామకు చెప్పాలి. ఇద్దరికీ నడుమ మూరెడు దూరమే ఉన్నా సరే. ఆ రోజు పిల్లల పాత్ర నాది.

"బిడ్డా, మీ తాతను జర ఆగుమను," అంది చిన్నమ్మ.

"తాతా, జర ఆగుమంటున్నది."

"నాకేం చెవుడు రాలే," అన్నాడు తాత.

చిన్నమ్మ మగ్గం దగ్గరకు పోయింది. పరపరమని చప్పుడు. తిరిగి వచ్చేసరికి ఆమె చేతుల్లో బట్ట చుట్ట ఉంది. ఏడో చీరను సగంలో కోసేసింది. తాత ‘అయ్యో’ అని లేచాడు. కొడుకును తీస్కపొమ్మన్నప్పుడు రాని అయ్యో అది. చిన్నమ్మ వినలేదు. ఆ చుట్టను వాకిట్లో ఒక చివరి నుంచి దొర్లించింది. చాలక వీధిలోకి కూడా పరిచింది.

"బిడ్డా, మీ తాతను గళ్లు చూడుమను."

మావి గళ్ళ చీరలు. ఒక్కో గడికి పోగులు లెక్క ప్రకారం ఉంటాయి, అవి మారవు. మారేది అడ్డపోగును మగ్గం పలకతో దగ్గరికి జరిపే దెబ్బ. దెబ్బ సమంగా పడితే గడి నలుచదరంగా వస్తుంది. గట్టిగా పడితే అణిగి పొట్టిదవుతుంది. చేయి సడలితే నిలువుగా సాగుతుంది. ఇది మా వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మొదటి రెండు చీరల్లో గళ్ళు నలుచదరంగా ఉన్నాయి. మూడోదాంట్లో అణగడం మొదలైంది. ఐదో చీరలో గళ్ళు పూర్తిగా అణిగిపోయాయి, కొంగులో ఎవరూ చెప్పని రంగులు పక్కపక్కన తోసుకుంటూ ఉన్నాయి. ఆరోదాని నడుమ, జానెడు మేరలోనే, గళ్ళు ఒక్కసారిగా సాగాయి. ఏడోది వలలా ఉంది. తెగిన పోగులను తెగినట్టే వదిలేశాడు.

"దయ్యం బట్టల కనవడదమ్మా," అన్నాడు భూతవైద్యుడు.

"బిడ్డా, గాయనకు మగ్గం నేర్చుకోని రమ్మను, కనవడ్తది," అంది చిన్నమ్మ. "మీ తాతను గిది అడుగు. ఐదో చీర నేస్తున్నప్పుడు మీ చిన్నాయన ఎన్ని దినాలు పండుకున్నడు?"

అడిగాను. "నాకేం ఎరుక?" అన్నాడు తాత.

"ఆరు దినాలు కన్ను మూయలే అని చెప్పు. మా ఇద్దరి దుప్పట్లు దారిన పోయేటోళ్లకు ఇచ్చిండని చెప్పు. గా చీర చూసి మీ తాత ఏమన్నడో గూడ అడుగు."

అది నేను అడగక్కర్లేదు. నేను అక్కడే ఉన్నాను. మగ్గం మీదున్న ఐదో చీరను బొటనవేలితో తట్టి, ‘నీళ్లు పోసినా కారయి, నా కొడుకు చెయ్యి గిది’ అని వీధినంతా పిలిచి చూపించాడు తాత. గట్టి నేత అంటే మాకు అంత మోజు. మనిషి పగిలిపోతున్నా బట్ట గట్టిగా ఉంటే చాలనుకున్నాం.

తాత ‘తీస్కపో’ అన్న మాట వెనక్కి తీసుకున్నాడు, చిన్నాయనను ఆ రోజు తీసుకుపోలేదు. గొలుసు సంచిలోనే తిరిగి వెళ్ళింది. జబ్బు మాత్రం వెళ్ళలేదు, వస్తూ పోతూ ఉండేది. గళ్ళు అణగడం మొదలైతే చాలు, చిన్నమ్మ అడ్డపోగు నడిపే నాడెను దాచేసి ఆయనను చీకటి గదిలో పడుకోబెట్టేది. గళ్ళు సాగితే పక్కన కూర్చుని మజ్జిగ కలిపిన జొన్నగటక తాగించేది. చాలా ఏళ్ళ తరువాత, కాలేజీలో, ఆ జబ్బుకు ఒక పేరుందని చదివాను. పొడుగాటి పేరే, కానీ చిన్నమ్మ పరిచిన బట్టంత పొడుగు కాదు. మందు మా ఊరిదాకా వచ్చేసరికి చిన్నాయన లేడు.

ఇప్పటికీ ఎవరైనా అలుపు లేకుండా పనిచేస్తున్నారని నలుగురూ మెచ్చుకుంటుంటే నేను వెళ్ళి ‘నిద్ర పడుతోందా?’ అని అడుగుతాను. శుభకార్యాలకు నన్ను పిలవడం తగ్గించడానికి అదొక కారణం. గోడవైపు తిరిగిన మనిషిని చూస్తే మాత్రం ఏమీ అడగను, పక్కన కూర్చుంటాను.

ఆ రోజు గొలుసు సంచి వీధి మలుపు తిరగకముందే తాత చివరిసారిగా మొండికేశాడు. పరిచిన చీరల పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళు గళ్ళ మీదే ఉంచి, "దయ్యం గాకపోతే ఏందది మరి?" అన్నాడు.

నేను చిన్నమ్మ వైపు తిరిగాను, ఏం చెప్పమంటావని. ఆమె నన్ను భుజం పట్టి పక్కకు జరిపింది. పెళ్ళయి వచ్చిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి మామ ముఖంలోకి చూసింది.

"దయ్యమే అయితే ఐదో చీరకే పట్టింది మామా. చీరలు దిగుతుంటే గప్పుడెందుకు కొట్టియ్యలే?"