అత్త కళ్లు పడిన చాప

ఫిజీ దీవుల్లోని మా సావుసావు ఊళ్లో ఒక వస్తువు బాగుందని అంటే చాలు, ఆ ఇంటివాళ్లు దాన్ని తెచ్చి చేతిలో పెట్టేస్తారు. అన్నది పెద్దవాళ్లైతే మరీను. అయినా మా పక్కింటి లోసేనాలా ఇల్లంతా పంచిపెట్టినదాన్ని నేనెక్కడా చూడలేదు. వాళ్ల మేనత్త కెలేరా "కెటిల్ ముద్దుగా ఉందే" అంటే కెటిల్ పోయింది. "ఈ పందిపిల్ల భలే చురుకే" అంటే పందిపిల్లా పోయింది. లోసేనాను పెంచింది ఆ అత్తే. ఆవిడ మనసు విరిగితే తనకింకెవరున్నారని దీని బెంగ.

ఇంత చేసినా అత్త రాకపోకలు తగ్గాయి. వచ్చినా తల దించుకునే కూర్చునేది. "ఇంకా ఏం తక్కువ చేశానే!" అని లోసేనా నా దగ్గర ఏడ్చేది. నిద్ర కరువై చివరికి ఆసుపత్రిలో కౌన్సెలర్ మిలికా దగ్గరికి వెళ్లింది. మనసులోని భయం నిజమో కాదో చేసి చూసి తేల్చుకునే ఆ మాటల వైద్యాన్ని సీబీటీ అంటారట.

"కాదంటే ఏమవుతుందని నీ భయం?" అని అడిగిందట మిలికా.

"అత్త లేచి వెళ్లిపోతుంది. మళ్లీ నా గడప తొక్కదు."

"అయితే ఒక్కసారి కాదని చూడు. అలా జరుగుతుందో లేదో నీకే తెలుస్తుంది."

లోసేనా ముందు చర్చి పాటలవాళ్లకు వంట చెయ్యనంది. ఆకాశం ఊడిపడలేదు. కానీ అత్త సంగతి వేరు కదా.

ఆ శనివారం నేనూ లోసేనా ఇంట్లోనే టీ తాగుతున్నాను. తల దించుకుని కూర్చున్న అత్త ఉన్నట్టుండి నోరు జారింది.

"అబ్బ, ఎంత సన్నని అల్లికే ఇది!"

అది లోసేనా తల్లి చివరిసారి అల్లిన చాప. అమ్మదంటూ మిగిలింది అదొక్కటే. లోసేనా చేతులు అలవాటు కొద్దీ చాప అంచు మీదికి పోయాయి.

"ఇది ఇవ్వను అత్తా."

అత్త నోరు తెరుచుకుని చూసింది.

"బతికించావే తల్లీ! నీ సామానుతో మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒక మంచి మాట అంటే చాలు, మూట కట్టేస్తావు. వద్దంటే చిన్నబుచ్చుకుంటావు. నీ ఇల్లు ఊడ్చేస్తున్నానని సిగ్గేసి రావడమే తగ్గించాను."

లోసేనా చాప అంచు వదిలేసింది. "అందుకా తల దించుకునేదానివి?"

"దేన్నీ చూడకపోతే ఏమీ అననుగా! కింద మీ అమ్మ చాప ఉంటుందని నాకేం తెలుసు?"

"అయితే నిన్ను నేనే తరిమేశానా?"

అత్త చాప మీద సర్దుకుని కూర్చుని, కప్పు ముందుకు చాచింది.

"ఇంకాస్త టీ పొయ్యి. పంచదార తగ్గించు. నీ చిన్నప్పట్నుంచీ చెప్పలేక తాగుతున్నాను."