చెరిసగం డోనట్

మా విస్కాన్సిన్ ఊళ్లో ఓట్ల పెట్టెకు సీలు వేయాలంటే రెండు పార్టీలవాళ్లూ సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఆ పని డెమోక్రాట్ ఆర్డిస్ అనే ఆవిడదీ, రిపబ్లికన్ డెల్మర్‌దీ. పొద్దస్తమానం కీచులాడుకుంటూనే ఆవిడ తెచ్చిన డోనట్‌ను చెరిసగం తినేవారు.

ఈసారి డెల్మర్ కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు వచ్చిన మహానుభావుడు ఆర్డిస్ పలకరిస్తే మొహం తిప్పుకున్నాడు. డోనట్ ముట్టనే లేదు.

మర్నాడు ఆవిడ డోనట్ పట్టుకుని డెల్మర్ ఇంటికెళ్లింది.

“ఏం మనిషయ్యా ఆయన! పోట్లాడటానిక్కూడా పనికిరాడు!”

“నన్ను మొండిఘటం అన్నావుగా?”

“ఇప్పుడూ అంటాను. ఆ కట్టు ఎప్పుడు విప్పుతారు?”

డెల్మర్ డోనట్ అందుకున్నాడు. “మీ పార్టీ హామీల్లాగే మధ్యలో ఇంత చిల్లు!” అంటూ విరిచి, పెద్ద ముక్క ఆవిడ చేతిలో పెట్టాడు.