ఎరుపు ఆగిన బండ

మాఘ బహుళ తదియ, బుధవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. పాలు పొంగిపోతాయేమోనని గడియారం చూస్తూ పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాను కనుక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. కప్పగల్లులోని మా ఇంటి స్నానాలగదిలో బకెట్టు దొర్లిన చప్పుడు, దాని వెంటే మా కోడలి దగ్గు వినిపించాయి. వెళ్లి తలుపు తోస్తే కళ్లు తెరవనివ్వని ఘాటు. గచ్చు మీద బ్లీచింగ్ పొడి చల్లి, మరకలు పోలేదని దాని మీదే యాసిడ్ పోసిందట. కూతురికి వాసన తగలకూడదని కిటికీ కూడా మూసుకుందట. రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేసరికి, హాల్లో చదువుకుంటున్న మా మనవరాలికి పిల్లికూతలు మొదలయ్యాయి.

మా అబ్బాయి గనిలో లారీలకు ఇనుప ఖనిజం ఎత్తించే పని చూస్తాడు. సాయంత్రం ఇంటికి వస్తే కాళ్లు, ప్యాంటు అంచులు, బూట్లు అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు గచ్చు సందుల్లోకి దిగితే సబ్బుకు లొంగదు, యాసిడ్ పోస్తే మాత్రం చూస్తుండగానే పోతుంది. అందుకే మా వైపు గని పనివాళ్ల ఇళ్లలో బియ్యం డబ్బా ఎంత తప్పనిసరో ఆ సీసా అంత తప్పనిసరి.

పాపకు చలికాలమంతా ఆయాసమే. ఆ రోజు చూసిన డాక్టరు, బ్లీచింగూ యాసిడూ ఎన్నడూ కలపకూడదని గట్టిగా చెప్పి, బయటి దుమ్ము మన చేతిలో లేకపోయినా ఇంట్లో ఘాటు మన చేతిలోనే ఉందన్నాడు. మా అబ్బాయి మాత్రం, పరీక్షలు కాగానే పిల్లను దేశనూరులోని తన అక్క ఇంటికి పంపేద్దామని, అక్కడ పొలాల గాలి మంచిదని తీర్మానించేశాడు. పాప ఆ రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"నేను యాడికీ పోనవ్వా. దగ్గొస్తే దగ్గుతా, అంతే గదా."

పరీక్షల దాకా నాకు గడువు ఇమ్మని మా అబ్బాయిని అడిగాను. అడిగానే గాని, ఏం చేయాలో నాకూ తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది దోణిమలై.

మా ఆయన అక్కడ గనిలో పనిచేసేవారు. కొండ మీది క్వార్టర్సులో ఉప్మా మీద కూడా ఎర్రదుమ్ము పడుతుందని నవ్వుకునేవాళ్లం. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇల్లు కడగడానికి రంగురంగుల సీసాలు లేవు. కుంకుడుకాయల నురుగు, పొయ్యిలో బూడిద, చారు కాచగా మిగిలిన చింతపండు పిప్పి, ఇవే. మా అత్తగారు ఆ పిప్పిని ఒక కొబ్బరి చిప్పలో దాచి, దానికి కల్లుప్పు కలిపి, మరక మీద మెత్తి, పైన తడిగుడ్డ పరిచి, మరునాడు తీసేవారు. ఎరుపు గుడ్డతోపాటే లేచి వచ్చేది.

యాసిడ్ సీసాను ఇంట్లోంచి తీసేయించి, నేనూ అలాగే చేశాను. పాత మరకలు చాలావరకు వదిలాయి. కానీ సాయంత్రానికి కొత్త ఎరుపు సిద్ధం. నాలుగో రోజుకు మా కోడలు నడుం పట్టుకుని గడప మీద కూలబడింది.

"రోజూ చారే కాయల్లంటే ఎట్ల అత్తా? తినేకా, తోమేకా?"

"సుమ్నే ఉండు, గమ్మున. ఆలోచన చేస్తాండా" అన్నాను గాని, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

ఆ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని, దోణిమలైలో మా అత్తగారు రోజూ గచ్చు తోమడం ఎప్పుడు చూశానా అని తలచుకుంటే, చూసిన గుర్తే లేదు. ఆమె పని ఇంట్లో కాదు, పెరట్లో. అక్కడ ఒక నల్లబండ, పక్కన పులిసిన బియ్యం కడుగునీళ్ల కుండ. మా ఆయన ఎంత అలసి వచ్చినా ముందు వాకిలి నుంచి రానిచ్చేవారు కాదు. పెరటి దారిన వచ్చి, బూట్లు బయటే వదిలి, బండ మీద కాళ్లు కడుక్కుని, బట్టలు కుండలో ముంచి, వేరే పంచె కట్టుకున్నాకే గడప దాటాలి. పండగైనా, చుట్టాలు వచ్చినా, వాన కురుస్తున్నా ఇదే పద్ధతి. ఎరుపును కడిగే విద్య కంటే ఎరుపును ఆపే విద్య ఆమెకు ఎక్కువ తెలుసు.

మాకు పెరడు లేదు. గేటు పక్కన ఒక బండ వేయించి, కుళాయి పెట్టించి, బకెట్లో కడుగునీళ్లు, తీగ మీద లుంగీ ఉంచాను. మొదటి సాయంత్రమే ఎదురింటాయన చూడనే చూశాడు.

"ఏందప్పా, ఇంట్లోకి రానిస్తల్లేరా? తాగొచ్చినావా ఏంది?"

"తాగొచ్చింటే రానిస్తుండ్రి. మన్నుతో వచ్చినా గదా, అందుకే ఈడ నిలబెట్టినారు" అన్నాడు మా అబ్బాయి లుంగీ ముడివేసుకుంటూ. పాప కిటికీలోంచి నవ్వింది. నవ్వాక దగ్గు రాలేదని మేమందరం ఒకేసారి గమనించాం.

డాక్టరిచ్చిన మందు ఇప్పటికీ పీలుస్తోంది, మానలేదు. దుమ్ము వీచిన రోజు కూతలు వస్తాయి, కాని మునుపటంత కాదు. పరీక్షలు అయ్యాయి. మా అబ్బాయి దేశనూరు మాట ఎత్తుతాడేమోనని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. వాడు మాత్రం గేటు దగ్గర పాపకు కూడా ఒక చిన్న చెప్పుల అర కొట్టించాడు.

ఇల్లు కట్టుకున్నప్పుడు స్నానాలగది లోపలికి వచ్చిందని ఎంత సంబరపడ్డామో. దానితోపాటు బయట ఆగవలసినవన్నీ లోపలికి వచ్చాయని అప్పుడు తోచలేదు. మా అత్తగారి పద్ధతులను చాదస్తమనుకున్నవాళ్లం, వాటికి కారణం ఆమెనే అడిగి తెలుసుకునే రోజులు దాటిపోయాయి.

లెక్క రాయడం నాకు అలవాటు కనుక, ఇందులో పోయినవి చెప్పి ముగిస్తాను. ఒక బకెట్టు, ఆ రోజు యాసిడ్ చింది పాడైన ఒక నైటీ, యాసిడ్ తినేసిన గచ్చు నునుపు, పది రోజులపాటు మా కోడలి గొంతు. దోణిమలై పెరట్లో వదిలి వచ్చిన నల్లబండ. మా అత్తగారు. మనవరాలు ఈ లెక్కలో లేదు.